ఆగమని అడగడానికి మొహమాటపడకండి

ప్రశ్న: మాది కోవూరు. నా వయసు 48. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడతాను. రెండేళ్ళ కిందట మా అబ్బాయికి డెంగీ జ్వరం వచ్చి ప్రాణం మీదికి వచ్చినప్పుడు, బిడ్డ లేచి తిరిగితే నెల్లూరు నుంచి తిరుమలకు నడిచి వస్తానని మొక్కుకున్నాను. ఇంట్లో ఎవరికీ నాతో నడిచే వీలు లేక అది అలాగే ఉండిపోయింది. ఈ ధనుర్మాసంలో రంగనాయకులపేట గుడికి తిరుప్పావై వినడానికి వెళ్తుంటే ఆరుగురు పరిచయమయ్యారు. అయిదు రోజుల్లో నడిచి రథసప్తమికి కొండ చేరాలని వాళ్ళ ఆలోచన. నన్నూ రమ్మన్నారు. 'ముక్కూ మొహం తెలియనివాళ్ళతో అన్ని రోజులా' అంటున్నారు మా ఆయన. మొన్న ఆదివారం అందరం కలిసి కొంత దూరం నడిచి చూశాం. నాకు ఎడమ మోకాలు నొప్పి. నా కోసం వాళ్ళు రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు గానీ నాకు తల కొట్టేసినట్టయింది. వచ్చే ఆదివారం మళ్ళీ నడుద్దామంటున్నారు. వీళ్ళతో వెళ్ళవచ్చా? వాళ్ళకు భారమవుతానా? మధ్యలో నడవలేక బస్సెక్కితే మొక్కు చెల్లదా?
— ఒక సోదరి, కోవూరు

సమాధానం: అమ్మా, మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. నా మనసు మాత్రం వాటికి ముందు మీరు రాసిన ఒక మాట దగ్గరే ఆగిపోయింది. ఎవరూ ఏమీ అనకపోయినా మీకు తల కొట్టేసినట్టయిందన్నారు. ఆ బాధ నాకు బాగా తెలుసు. దానివల్ల ఏం జరుగుతుందో కూడా తెలుసు. అందుకే ముందు నా సంగతి చెబుతాను.

2014లో నేనూ ఇదే దారిన నడిచాను. మేము ఆరుగురం. బయలుదేరే నాటికి మా పరిచయం వయసు రెండు వారాలు. రెండో రోజు మనుబోలు దాటాక కుడి మడమ చురుక్కుమనడం మొదలైంది. మేజోడు లోపల తడిగా, వేడిగా తెలుస్తూనే ఉంది. చెబితే అందరూ ఆగాలి. వాళ్ళంతా హుషారుగా గోవింద నామాలు చెప్పుకుంటూ నడుస్తున్నారు, నేను ఒక్కదాన్నే అడ్డం పడటం ఏమిటని నోరు మూసుకున్నాను. ఆ రాత్రి దీపాలు ఆర్పేదాకా బూట్లు విప్పలేదు. మర్నాడు నాయుడుపేటకు కొంచెం ముందు ఒక గుడి అరుగు మీద కూర్చుని అందరూ చెప్పులు విప్పి కాళ్ళు చాపుకున్నారు. నేను కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. అల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక ఆమె, పొలం పనులకు వెళ్ళే మనిషి, అది కనిపెట్టింది. లేచి వచ్చి నన్ను అడగకుండానే నా బూటు విప్పింది. మేజోడు నెత్తురుతో అంటుకుపోయి ఉంది. చెంబుతో నీళ్ళు పోస్తూ మెల్లగా ఊడదీసింది. నా పాదం తన ఒడిలో పెట్టుకుని, 'అక్కా, నిన్న చెప్పి ఉంటే అరగంట ఆగేవాళ్ళం' అంది. అంతకు మించి ఒక్క మాట కూడా అనలేదు.

అక్కడ మేము ఒకటిన్నర రోజు ఉండిపోవాల్సి వచ్చింది. ఒకరు ఉద్యోగానికి సెలవు పొడిగించుకున్నారు. వాళ్ళకు భారం కాకూడదని నేను దాచిన నొప్పి వాళ్ళకు అంత భారమైంది. కాబట్టి, అమ్మా, మీ మోకాలు భారం కాదు. దాన్ని గురించి మీరు మాట్లాడకపోతే, ఆ మౌనం భారమవుతుంది.

ఇక కొత్తవాళ్ళ సంగతి. మీ ఆయన భయం తీసిపారేయదగ్గది కాదు, దానికి తరువాత వస్తాను. కానీ మనం నెల్లూరు సీమ వాళ్ళం. స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా దగ్గర ఏటా మొహర్రం రోజుల్లో ఏం చూస్తున్నాం? ముక్కూ మొహం తెలియని ఇద్దరు మోకాలి లోతు నీళ్ళలో ఎదురెదురుగా నిలబడి రొట్టె ఇచ్చిపుచ్చుకుంటారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఆరోగ్య రొట్టె, సంతాన రొట్టె. కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకుంటారు. తీరినవాళ్ళు మరుసటి ఏడు వచ్చి, అదే కోరికతో వచ్చిన మరెవరికో ఇస్తారు. నీ కులమేమిటి, నీ మతమేమిటి, నీ ఊరేమిటి అని అక్కడ ఎవరూ అడగరు. తీసుకున్న చేతి నుంచి ఇచ్చినవాళ్ళకే తిరిగి వెళ్ళాలనే నియమమూ లేదు. ఈ ఏడాది పుచ్చుకునేది మీ వంతు అనుకోండి. మీ కోసం వాళ్ళు ఆగిన ఆ రెండుసార్లూ మీ చేతిలో పడిన రొట్టెలే. ఏదో ఒక ఏడు ఇదే దారిలో మరో ఆడమనిషి వెనుకబడితే, ఆగేది మీరే అవుతారు.

వీళ్ళు మంచివాళ్ళా కాదా అనేది నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. మీరు తెలుసుకోగలరు. గుడిలో అందరూ మంచివాళ్ళే. ఎండ నెత్తికెక్కి, కడుపులో ఆకలి మండుతున్నప్పుడు మనిషి ఎలా ఉంటాడో చూడాలి. వచ్చే ఆదివారం తెల్లవారుజామున బయలుదేరి పదిహేను కిలోమీటర్లయినా నడవండి. దారిలో టీ పోసే కుర్రాడితో ఎలా మాట్లాడుతున్నారు, డబ్బులిచ్చే దగ్గర ఎవరు తప్పుకుంటున్నారు, ఒకరు 'కాసేపు కూర్చుందాం' అంటే మిగిలినవాళ్ళ ముఖాలు ఎలా మారుతున్నాయి, ఇవన్నీ గమనించండి. ముఖ్యంగా ఆ గుంపును నడిపించే వ్యక్తి ఎదుటివాళ్ళ మాట పూర్తిగా వింటాడా లేదా అన్నది చూడండి. మీరు రెండుసార్లు వెనుకబడితే రెండుసార్లూ ఆగి, ఒక్క మాట కూడా అనలేదంటే, నా లెక్కలో అది చిన్న విషయం కాదు.

మీ ఆయన భయం పోవాలంటే మీరు వాదించడం కంటే ఆయన వాళ్ళను చూడటం మేలు. ఒక సాయంత్రం వాళ్ళను కాఫీకి పిలవండి. అందరి ఫోను నంబర్లు, వాళ్ళ ఇళ్ళలో ఒక్కొక్కరి నంబరు కాగితం మీద రాసి ఇంట్లో ఉంచండి. రాత్రుళ్ళు ఎక్కడ పడుకుంటారు, ఆడవాళ్ళకు వేరే గది ఉందా, సామాను మోసే బండి ఎవరిది, ఎవరు నడుపుతారు అని ఆయనే అడగనివ్వండి. అడిగినందుకు నొచ్చుకునేవాళ్ళతో ఆరు అడుగులు కూడా నడవనక్కర్లేదు. డబ్బు అందరూ సమానంగా ముందే వేసుకుని, రోజుకొకరు ఖర్చు రాస్తే ఎవరికీ మనసులో ఏమీ మిగలదు. మీరు పెట్టగలిగింది ఎంతో మొదటి రోజే చెప్పండి. మోకాలి గురించి ఎంత సూటిగా చెబుతారో, ఇది కూడా అంతే సూటిగా.

అయిదు రోజుల లెక్క దగ్గర నేను వాళ్ళతో ఏకీభవించను. నెల్లూరు నుంచి గూడూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి, రేణిగుంట మీదుగా తిరుపతికి దాదాపు 135 కిలోమీటర్లు. అయిదు రోజులంటే రోజుకు 27. అలవాటైన కాళ్ళకే అది కష్టం. గూడూరుకు రెండు రోజులు, అక్కడి నుంచి నాయుడుపేటకు రెండు, శ్రీకాళహస్తికి రెండు, తిరుపతికి రెండు అనుకోండి. ఏ రోజూ 20 కిలోమీటర్లు దాటదు. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి తొమ్మిదిన్నరకల్లా ఆగి, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా నడిస్తే, మీ నడకకు కూడా సరిపోతుంది. అందరూ ఎనిమిది రోజులకు ఒప్పుకోలేకపోతే ఏడు అడగండి. రథసప్తమి నాడు ఏడు వాహనాల మీద స్వామి ఊరేగుతాడు, చూడటానికి రెండు కళ్ళు చాలవు. కానీ ఆ రోజు కొండ మీద ఇసుక వేస్తే రాలదు. వారం రోజులు నడిచి అలసిన కాళ్ళతో ఆ రద్దీలో నిలబడటం కంటే, రెండు రోజులు ఆగి చేరుకోవడమే మీకు మంచిదని నా అభిప్రాయం. మొక్కు మీది కాబట్టి, ఆ మాట మీరు అనవచ్చు.

గుంపు నడకలో ఒక పద్ధతి మార్చమని కూడా చెప్పండి. మామూలుగా గట్టివాళ్ళు ముందు వెళ్ళిపోతారు, నడవలేనివాళ్ళు వెనుక ఈడ్చుకుంటూ వస్తారు. ముందువాళ్ళు ఎక్కడో కూర్చుని, వెనుకవాళ్ళు చేరగానే లేచి బయలుదేరుతారు. అంటే విశ్రాంతి అంతా దాని అవసరం తక్కువగా ఉన్నవాళ్ళకే దక్కుతుంది. మన గొర్రెల కాపరి ఎక్కడ నడుస్తాడో ఎప్పుడైనా చూశారా? మంద వెనుక. మీరు ముందు నడవండి, మీ అడుగే అందరికీ కొలత కావాలి. అందరికంటే గట్టిగా నడిచే మనిషి చివర ఉండాలి. ఒకవేళ కొందరికి వేగంగా వెళ్ళాలనిపిస్తే వెళ్ళనివ్వండి, పక్కపక్కన నడిస్తేనే స్నేహమని లేదు. ఎక్కడ ఆగి కలుసుకోవాలో మాత్రం బయలుదేరేటప్పుడే అనుకోవాలి. ఆడవాళ్ళు ఏ ఒక్కరూ చీకట్లో ఒంటరిగా మిగలకూడదు.

రహదారి గురించి భయపెట్టాలని కాదు గానీ, నడకయాత్రల్లో నాకు అన్నిటికంటే దిగులు కలిగించేది తెల్లవారుజాము లారీలే. డ్రైవరు రాత్రంతా మేలుకుని ఉంటాడు. ఎదురుగా వచ్చే వాహనాలు మీకు కనబడేలా కుడి అంచున, ఒకరి వెనుక ఒకరుగా నడవండి. కబుర్ల కోసం పక్కపక్కన చేరవద్దు. సంచీ మీద, బట్టల మీద వెలుతురు పడితే మెరిసే పట్టీలు అంటించండి. కుట్టుపని మీ చేతిలోనే ఉంది కాబట్టి ఏడుగురికీ మీరే కుట్టి ఇవ్వవచ్చు. ముందొకరు, చివర ఒకరు టార్చిలైటు పట్టుకోవాలి.

చెప్పులు లేకుండా నడవాలని మొక్కుకున్నారో లేదో మీరు రాయలేదు. మొక్కుకుని ఉండకపోతే, రహదారి మీద దయచేసి వట్టి కాళ్ళతో నడవకండి. తాళ్ళపాక అన్నమయ్య గురించి పెద్దలు చెప్పే కథ మీకు తెలిసే ఉంటుంది. ఎనిమిదేళ్ళ పిల్లవాడు ఇంట్లో చెప్పకుండా, దారిన పోయే యాత్రికుల గుంపులో కలిసి తిరుమలకు బయలుదేరాడు. ఆయనకూ వాళ్ళు ముక్కూ మొహం తెలియనివాళ్ళే. మోకాళ్ళ పర్వతం దగ్గరకు వచ్చేసరికి ఆకలితో, అలసటతో వెదురు పొద కింద పడిపోయాడట. అలమేలుమంగమ్మ పెద్ద ముత్తైదువలా వచ్చి, చెప్పులతో కొండ ఎక్కకూడదు నాయనా అని చెప్పి, ప్రసాదం తినిపించి లేపిందట. అమ్మవారు చెప్పులు విడవమన్నది కొండ మీద. తారురోడ్డు మీద వేసుకోవద్దని ఏ కథలోనూ వినలేదు. ఆ కథలో నాకు మరీ ఇష్టమైన సంగతి ఇంకొకటి ఉంది. పడిపోయిన పిల్లవాణ్ణి ఆమె ఎందుకు నడవలేకపోయావని అడగలేదు, ముందు అన్నం పెట్టింది.

కాబట్టి, ఇప్పటికే వాడి మెత్తబడిన బూట్లు లేదా పట్టీలున్న చెప్పులు వేసుకోండి. యాత్ర కోసం కొత్తవి కొని మొదటి రోజే తొడగవద్దు, నా మడమ కథకు మూలం అదే. నూలు మేజోళ్ళు మూడు జతలు పెట్టుకుని, తడిసినప్పుడల్లా మార్చండి. బొబ్బ లేచే ముందు అక్కడ చర్మం ఎర్రబడి చురుక్కుమంటుంది. సరిగ్గా అప్పుడే ఆగి, పాదం ఆరబెట్టి, ప్లాస్టరు అంటించుకోవాలి. బొబ్బ లేచాక పైచర్మం పీకేయకూడదు, లోపలి పచ్చి చర్మానికి అదే కాపలా. షుగరు ఉన్నవాళ్ళు ఎవరైనా గుంపులో ఉంటే, ప్రతి రాత్రీ వాళ్ళ అరికాళ్ళు ఇంకొకరు లైటు వేసి చూడాలి. వాళ్ళకు పాదంలో స్పర్శ తగ్గి ఉంటే గాయమైనా తెలియదు. మీ మోకాలిని బయలుదేరడానికి పక్షం రోజుల ముందే డాక్టరుకు చూపించి, నడవవచ్చని ఆయనతో అనిపించుకోండి. అంత దూరం వద్దని ఆయన అంటే ఆ మాట వినండి.

ఇంకొకటి, ఆడవాళ్ళం బయటికి చెప్పుకోని విషయం. దారిలో మరుగుదొడ్డి దొరకదేమోనని చాలామంది నీళ్ళు తాగడం మానేస్తారు. ఎండలో అది ప్రమాదం. తల తిరుగుతుంది, కాళ్ళు పట్టేస్తాయి, మూత్రంలో మంట మొదలవుతుంది. పెట్రోలు బంకులు, బస్టాండ్లు, గుళ్ళు ఎక్కడెక్కడ వస్తాయో ముందే ఎవరో ఒకరు బండి మీద వెళ్ళి చూసి రాసుకుంటే ఈ బాధ తప్పుతుంది. నీళ్ళతో పాటు ఉప్పు వేసిన మజ్జిగ గాని, ఓఆర్‌ఎస్ గాని తాగండి.

నాయుడుపేట దాటాక దారి మనసుకు హాయిగా ఉంటుంది. అక్కడ సువర్ణముఖి కనబడుతుంది, మళ్ళీ శ్రీకాళహస్తి గుడి పక్కన అదే నది. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి సముద్రానికి పోయే నీటికి ఎదురుగా మీరు నడుస్తున్నారన్నమాట. ఆ సమయానికి మీలో ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. మా గుంపులో రెండో రోజుకే ఒకాయన బాబాయి అయ్యాడు, ఒకామె పెద్దమ్మ అయింది, అల్లూరు ఆమె నాకు చెల్లెలయింది. ఇంటికి వచ్చాక అందరితోనూ ఆ వరస నిలవలేదు. ఇప్పటికీ నాతో మాట్లాడేది ఇద్దరే. మిగిలిన ముగ్గురి మీద నాకు ఏ కినుకా లేదు. వాళ్ళు నాతో నడిచిన రోజుల్లో పూర్తిగా నాతోనే నడిచారు.

అలిపిరి నుంచి కొండపైకి 3550 మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. మోకాలి నొప్పి ఉన్నవాళ్ళకు గాలిగోపురం దాకా ఉన్న మొదటి ఎక్కుడు కష్టం, చివర్లో మోకాళ్ళ పర్వతం కష్టం. మధ్యలో చాలా దూరం దాదాపు చదునుగా ఉంటుంది. సామాను అలిపిరిలో దేవస్థానం వాళ్ళకు అప్పగిస్తే పైకి చేరుస్తారు, భుజాన ఏమీ మోయవద్దు. 2023 ఆగస్టులో ఈ మెట్లదారిలో చిరుత దాడికి ఒక ఆరేళ్ళ పాప బలైన తరువాత, నడిచేవాళ్ళను గుంపులుగా వెళ్ళమంటున్నారు, చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళకు వేళల ఆంక్షలు పెట్టారు. ఆ వేళలు, దర్శనం టోకెన్ల నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి, బయలుదేరే వారంలో దేవస్థానం ప్రకటన చూసుకోండి. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి. మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కే ఆడవాళ్ళు అక్కడ కనిపిస్తారు. పూట గడిచినా కొద్ది మెట్లే ఎక్కుతారు. వెనుకవాళ్ళు పక్కకు తప్పుకుని దండం పెట్టి వెళ్తారే తప్ప, తొందరపెట్టిన మనిషిని నేను చూడలేదు. ఆ దారిలో మెల్లగా ఎక్కడం సిగ్గుపడవలసిన సంగతి ఏనాడూ కాదు. దిగేటప్పుడు మాత్రం బస్సులో దిగండి. మోకాలికి ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ దెబ్బ.

చివరిగా మీ మొక్కు. మధ్యలో బస్సెక్కితే చెల్లుతుందా అని అడిగారు. నేను పండితురాలిని కాను, నా నమ్మకం చెబుతాను. మీ బిడ్డ మంచం మీద ఉన్నప్పుడు మీరు స్వామికి మాట ఇచ్చింది మీ దగ్గర ఉన్న కాళ్ళతోనే. ఆ కాళ్ళు ఎంత దూరం మోయగలవో ఆపద మొక్కులవాడికి తెలుసు. మోకాలు వాస్తే నాయుడుపేటలోనో శ్రీకాళహస్తిలోనో బస్సు ఎక్కండి. శ్రీకాళహస్తి నుంచి రేణిగుంటకు రైలు కూడా ఉంది. ఒక రోజు కాలికి విశ్రాంతి ఇచ్చి, మీవాళ్ళు తిరుపతి చేరేదాకా ఆగి, వాళ్ళతో కలిసి మెట్లు ఎక్కండి. అదీ కుదరకపోతే మిగిలిన దూరం వచ్చే ఏడు నడవండి. వాపు వచ్చిన మోకాలిని పట్టుదలకు పోయి ఈడ్చుకుంటూ నడిస్తే, నయమైన బిడ్డకు మంచాన పడిన తల్లిని అప్పగించినవారవుతారు. మనసు అప్పటికీ కుదుటపడకపోతే, మీ గుడి అర్చకులను ఇప్పుడే అడిగి ఉంచండి. దారి మధ్యలో నొప్పితో కూర్చుని తేల్చుకోవలసిన విషయం కాదది.

ఆదివారం బయలుదేరే ముందు, అందరూ చేరాక, నడక మొదలుకాకముందే ఈ మాటలు చెప్పండి. 'నాకు ఎడమ మోకాలు నొప్పి. మీ అందరికంటే మెల్లగా నడుస్తాను. నేను ముందు నడుస్తాను, మీరు నా వెనుక రండి. నొప్పి వస్తే ఆగమని అడుగుతాను.' కావాలంటే ఇంట్లో మిషను ముందు కూర్చుని నాలుగుసార్లు పైకి అనుకోండి, నోటికి అలవాటవుతుంది. వాళ్ళు ఏమన్నారో నాకు రాయండి.